హస్తవాసి – లిస్టర్ పాలగ్లాసులు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం వారు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాయగలవాళ్ళు మన బ్యాచీల్లో చాలామంది ఉన్నారు కాబట్టి, నేను నా వృత్తికి సంబంధించిన ఒక చరిత్ర రాస్తానని ఒప్పుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా పాల డెయిరీల ప్రయోగశాలల్లో పనిచేశాను. పెరుగు తోడుకుందా లేదా, తోడుకోకపోతే ఎందుకు తోడుకోలేదు, క్లుప్తంగా అదే నా ఉద్యోగం. ఆ 'ఎందుకు' అన్నదానికి మొదటిసారి గట్టి సమాధానం చెప్పిన మనిషి పాలవ్యాపారి కాదు, రసాయన శాస్త్రజ్ఞుడూ కాదు. కాళ్ళూ చేతులూ కోసే డాక్టరు. పేరు జోసెఫ్ లిస్టర్. మన సైన్సు పుస్తకాల్లో ఆయన పేరు కార్బాలిక్ ఆమ్లం పక్కన ఒక్క వాక్యంలో కనబడి మాయమవుతుంది. ఆయన పాలతో పడిన పాట్లు ఆ వాక్యంలో ఉండవు.

మన భాషలో హస్తవాసి అనే మాట ఉంది. "ఆ డాక్టరుగారి హస్తవాసి మంచిదండీ" అంటాం. పెరుగు తోడుపెట్టే ఇల్లాలి గురించి కూడా అదే మాట వాడతాం. ఆవిడ చేత్తో తోడేస్తే గడ్డపెరుగు; అవే పాలు, అదే తోడు, పక్కింటావిడ చేత్తో వేస్తే జారుడు. వైద్యానికీ పెరుగుకీ ఒకే మాట ఎలా కుదిరిందో మన తెలుగు మాస్టార్లు చెప్పాలి. నాకు తోచింది మాత్రం ఇది: రెండు చోట్లా ఫలితం కంటికి కనబడుతుంది, కారణం కనబడదు. కనబడని కారణాన్ని మనిషి చేతికి అంటగడతాం. మంచి జరిగితే పొగడ్త, చెడు జరిగితే నింద. ఊరగాయ జాడీ బూజు పట్టినా, పెరుగు పాడైనా మన ఊళ్ళలో ముందు వినబడే ప్రశ్న "ఎవరు ముట్టుకున్నారు?" అన్నదే. ఆ ప్రశ్న ఇంట్లో ఎవరిని ఉద్దేశించి వేసేవారో విడమరచి చెప్పక్కర్లేదు.

లిస్టర్ కాలంలో ఇంగ్లండు, స్కాట్లండు ఆసుపత్రుల్లో నింద చేతి మీద కాక గాలి మీద పడేది. ఆయన 1827లో లండన్ దగ్గర ఎసెక్స్‌లోని అప్టన్‌లో పుట్టాడు. తండ్రి ద్రాక్షసారా వ్యాపారి, కానీ మనసంతా సూక్ష్మదర్శిని మీదే. రంగుల చారలు లేకుండా బొమ్మ తేటగా కనబడేలా కటకాలను ఎలా అమర్చాలో 1830లో ఒక పత్రం రాసి పేరు తెచ్చుకున్నాడు. అలాంటి ఇంట్లో పెరిగినవాడు శస్త్రవైద్యుడైనా కంటికి కనబడనిదాన్ని చూడాలనే యావ పోలేదు. 1860లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్య ఆచార్యుడయ్యాడు. అక్కడి ఆసుపత్రిలో ఆయన వార్డులు కొత్తగా కట్టినవే. అయినా గాయాలు కుళ్ళడం ఆగలేదు. గోడ పక్కన నేల తవ్వితే 1849 కలరాలో చనిపోయినవారి శవపేటికలు కొద్ది అంగుళాల లోతులోనే బయటపడ్డాయి. అందరూ అనుకున్నది ఒకటే: ఆ నేలలోంచి చెడుగాలి లేస్తోంది, గాయాలను కుళ్ళబెడుతోంది. 1864, 1866 సంవత్సరాల్లో లిస్టర్ 35 మందికి అవయవాలు తొలగిస్తే 16 మంది చనిపోయారు. ఆపరేషన్ బాగానే అయ్యేది. తర్వాత గాయం చీము పట్టి మనిషి పోయేవాడు.

1865లో అక్కడి రసాయన శాస్త్ర ఆచార్యుడు థామస్ ఆండర్సన్, పారిస్‌లో పాశ్చర్ రాసిన పత్రాలు చదవమని లిస్టర్‌కు చెప్పాడు. పాశ్చర్ చదువుతున్నది గాయాల గురించి కాదు, పులియడం గురించి. 1857లో లీల్ నగరంలో ఉన్నప్పుడు పుల్లబడిన పాల మీదే ఆయన మొదటి పెద్ద పత్రం వచ్చింది. పుల్లని పాలలో ఉండే ఆమ్లాన్ని స్వీడన్‌లో షీలే 1780లోనే వేరుచేశాడు. ఆ ఆమ్లం ఎలా పుడుతుందన్నది తేలలేదు. జర్మనీలో మహా ప్రతిష్ఠ ఉన్న లీబిగ్ మాట అప్పట్లో వేదం: కుళ్ళుతున్న పదార్థంలోని కదలిక పక్క పదార్థానికి పాకి చక్కెరను విడగొడుతుంది, అంతే, ప్రాణుల ప్రసక్తి లేదు. పాశ్చర్ అడుగున పేరుకున్న బూడిదరంగు పొరను చూశాడు. దాంట్లోంచి చిటికెడు తీసి, చక్కెర, ఈస్ట్ కషాయం, సుద్దపొడి కలిపిన కొత్త ద్రవంలో వేస్తే అది మళ్ళీ పెరిగింది, మళ్ళీ పులిసింది. సుద్ద ఎందుకంటే, పుట్టిన ఆమ్లాన్ని అది ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. లేకపోతే ఆ జీవి తన పులుపులో తానే ఆగిపోతుంది. మన ఇంటి పెరుగు ఒక పులుపు దాటి పుల్లబడకపోవడానికి కారణం కూడా ఇదే.

లిస్టర్‌కు తట్టింది ఏమిటంటే, పులిసేది పాలైనా, కుళ్ళేది గాయమైనా బయటినుంచి వచ్చి పడే జీవులే కారణమైతే, చంపాల్సింది వాటిని. ఆ ఆగస్టులోనే బండి చక్రం కాలి మీదుగా పోయి ఎముక బయటికి వచ్చిన పదకొండేళ్ళ పిల్లవాడికి కార్బాలిక్ ఆమ్లంలో ముంచిన గుడ్డ కట్టాడు. ఆ కాలంలో అలాంటి కాలును తీసేసేవారు. పిల్లవాడి కాలు నిలబడింది. 1867లో లాన్సెట్ పత్రికలో ఈ పద్ధతిని వరుసగా ప్రకటించాడు. కొత్త పద్ధతిలో 40 మందికి అవయవాలు తొలగిస్తే 6 మంది చనిపోయారు. ఇంతవరకూ పుస్తకాల్లో ఉన్నదే.

మనం అనుకుంటాం, ఈ లెక్క చూడగానే లోకం ఒప్పేసుకుని ఉంటుందని. ఒప్పుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ లెక్క వాళ్ళు చెప్పిన అభ్యంతరాలకు నిలవదు కూడా. ఆసుపత్రి శుభ్రం చేశారు, కిటికీలు తెరిచారు, రోగులు వేరు, ఏడాది వేరు, అందుకే తగ్గింది అన్నారు. సూక్ష్మజీవులు ఉంటే చూపించండి అని ఎడిన్‌బరోలో తోటి ఆచార్యులే ఎగతాళి చేశారు. చీములో కనబడుతున్నాయి కదా అంటే, అవి కుళ్ళడం వల్ల పుట్టినవేమో, కుళ్ళబెట్టినవి అవే అని ఎలా చెబుతారు అన్నారు. ఇది మొండివాదం కాదు, మంచి ప్రశ్న. ఈగలు పేడ మీద ఉంటాయి. పేడను ఈగలు పుట్టించలేదు కదా. దీనికి సమాధానం గాయంలో దొరకదు. గాయంలో వంద రకాల జీవులు, వంద రకాల మార్పులు. పైగా మనిషి ప్రాణంతో ప్రయోగాలు చేయలేం. అందుకే లిస్టర్ పాల దగ్గరికి వచ్చాడు.

ఆ ఎంపిక ఎంత తెలివైనదో ముప్పై ఏళ్ళు పాలతో గడిపిన నాకు బాగా తెలుసు. పాలు పుల్లబడితే కంటికి తెలుస్తుంది, ముక్కుకు తెలుస్తుంది, లిట్మస్ కాగితానికి తెలుస్తుంది. గ్లాసు వంచితే తోడుకుందో లేదో తేలిపోతుంది; 'కొంచెం కుళ్ళింది' లాంటి డొంకతిరుగుడు ఉండదు. ఎవరి ప్రాణమూ పోదు. ఖర్చు లేదు.

1869లో ఆయన ఎడిన్‌బరోకు మారాడు. షార్లెట్ స్క్వేర్‌లోని ఇంట్లోనే ప్రయోగాలు. చిన్న గాజు గ్లాసులు వేడికి కాల్చి శుభ్రం చేయడం, వాటికి గాజు మూతలు, వాటన్నిటి మీదా మరో గాజు గొడుగు. భార్య ఆగ్నెస్ పక్కన కూర్చుని, ఆయన చూసి చెబుతూ ఉంటే గంటల తరబడి రాసేది. ఆయన ప్రయోగాల నోటుపుస్తకాలు చాలావరకు ఆమె చేతిరాతలోనే ఉన్నాయి. హస్తవాసి అనే మాటకు ఆ ఇంట్లో నిజమైన హక్కుదారు ఎవరో మరి!

మొదట ఆయన చూసింది ఒక చిత్రం. డెయిరీ నుంచి వచ్చిన పాలు ఏవైనా సరే ఒకటి రెండు రోజుల్లో పుల్లబడి గడ్డకడతాయి. అది పాల స్వభావం అనే అందరూ అనుకునేవారు. కానీ కాచి చల్లార్చిన పాలను గాలికి తెరిచిపెట్టినా, కుళాయి నీటి చుక్క వేసినా, బూజులు వచ్చాయి, రంగులు వచ్చాయి, దుర్వాసనలు వచ్చాయి గానీ ఆ మామూలు పులుపు మాత్రం సాధారణంగా రాలేదు. కొట్టంలో ఆవు పొదుగు నుంచి నేరుగా శుభ్రమైన గ్లాసుల్లోకి పితికించి చూస్తే కూడా అంతే. అంటే పాలను పుల్లబెట్టేది పాలలో పుట్టింది కాదు, గాలిలో ఎక్కడపడితే అక్కడ ఉండేదీ కాదు. డెయిరీలో, పాత్రల్లో, తరతరాలుగా కాపురం పెట్టినది. మన అమ్మలకు ఈ సంగతి వేరే దారిలో తెలుసు. పాలు వాటంతట అవి విరుగుతాయి, తోడుకోవు, తోడు కావాలి. రాయలసీమలో, తెలంగాణలో చేమిరి అంటారు. పక్కింటికి గిన్నె పట్టుకుని వెళ్ళి చెంచాడు తెచ్చుకునేది అందుకే. తోడు ఎక్కడా దొరకని రోజున పాలలో మిరపకాయ తొడిమలు వేసే చిట్కా కూడా వట్టిది కాదు. ఆ తొడిమల మీద ఈ జాతి జీవులే ఉంటాయి.

పుల్లబడ్డ పాలను సూక్ష్మదర్శిని కింద చూస్తే ఎప్పుడూ ఒకే ఆకారం: గుండ్రటివి, జంటలుగా, చిన్న గొలుసులుగా. దానికి బాక్టీరియం లాక్టిస్ అని పేరు పెట్టాడు. 1873లో దీని మీద ఒక పత్రం ప్రకటించాడు. అందులో, ద్రవం మారితే ఈ జీవి రూపం కూడా మారిపోతుందని నమ్మాడు. అది ఆయన దోషం. గ్లాసులోకి మరో జాతి చొరబడితే మొదటిదే రూపం మార్చుకున్నట్టు కనబడుతుంది. ఈ చిక్కు విడాలంటే ఒకే ఒక్క జీవిని తీసి ఒంటరిగా పెంచాలి. కంటికి కనబడని ప్రాణిని ఒక్కదాన్ని పట్టుకోవడం ఎలా? ఇక్కడే లిస్టర్ గొప్పతనం ఉంది, పుస్తకాలు వదిలేసిందీ ఇక్కడే.

మరచుట్టు తిప్పితే అతి చిన్న చుక్క వదిలే సిరంజి ఒకటి చేయించాడు. మినిమ్ అని ఆ కాలపు మందుల కొలత, ఇంచుమించు ఒక చుక్క. ఈ సిరంజి దానిలో నూరో వంతు వదులుతుంది. అంత చుక్క పుల్లని పాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి జీవులను లెక్కపెట్టాడు. ఎన్ని ఉన్నాయో తెలిసింది కాబట్టి, కాచిన నీళ్ళు ఎన్ని రెట్లు కలిపితే ఆ చుక్కలో సగటున ఒక్కటే మిగులుతుందో లెక్కకట్టాడు. అలా పలచన చేసిన నీటిని చుక్క చుక్కగా, కాచిన పాలున్న గ్లాసుల్లో వేసి మూతపెట్టి ఎదురుచూశాడు.

కొన్ని గ్లాసులు తోడుకున్నాయి. కొన్ని పాలుపాలుగానే ఉండిపోయాయి.

ఎందుకు ఇది అంత పెద్ద విషయమో కాస్త ఆగి చూద్దాం. బకెట్టు నీళ్ళలో ఉప్పు కరిగించి పది గ్లాసుల్లో పంచితే ప్రతి గ్లాసూ ఉప్పగానే ఉంటుంది. ఎంత పలచనైనా అన్నిట్లోనూ ఒకే ఉప్పదనం. అదే బకెట్టులో పది ఆవగింజలు వేసి పంచితే ఒక గ్లాసులో రెండు పడొచ్చు, ఒకదానిలో ఒకటి, మరోదానిలో సున్న. పులుపుకు కారణం లీబిగ్ చెప్పినట్టు కరిగి ఉన్న రసాయనం అయితే గ్లాసులన్నీ ఆలస్యంగానైనా ఒకేలా పుల్లబడాలి. కొన్ని పూర్తిగా తోడుకుని, పక్కనే ఉన్నవి అసలు మారకుండా ఉన్నాయంటే కారణం కరిగేది కాదు, గింజలాంటిది, లెక్కపెట్టదగినది. తోడుకున్న గ్లాసులు తెరిచి చూస్తే ప్రతిదాంట్లో బాక్టీరియం లాక్టిస్, అదొక్కటే. తోడుకోని వాటిలో అది లేదు. మన లెక్కల మాస్టార్ల కోసం ఒక మాట: సగటు ఒకటి ఉన్నప్పుడు వంద గ్లాసుల్లో సుమారు 37 గ్లాసులకు ఒక్క జీవీ దక్కదు. లిస్టర్ ఈ సూత్రం వాడలేదు గానీ, ఆయన వాదమంతా ఆ ఖాళీ గ్లాసుల మీదే నిలిచింది. తోడుకున్న గ్లాసులకంటే తోడుకోని గ్లాసులే ఆయన సాక్షులు. ఒక జాతి సూక్ష్మజీవిని ఇలా శుద్ధంగా వేరుచేసి పెంచడం చరిత్రలో ఇదే మొదటిసారి అని చెబుతారు. కోఖ్ గట్టి మాధ్యమం మీద చుక్కలు చుక్కలుగా పెంచే పద్ధతిని లోకానికి చూపించింది 1881లో.

1877లో లిస్టర్ లండన్‌లోని కింగ్స్ కాలేజీకి వచ్చాడు. అక్టోబరు 1న తొలి ఉపన్యాసం. దేశంలో పేరున్న సర్జను, కొత్త ఆచార్యుడు. ఆపరేషన్ల గురించి చెబుతాడని విద్యార్థులు నిండిపోయారు. ఆయన రక్తం గురించి కాసేపు చెప్పి, ఆ తర్వాత పాల గురించి మొదలుపెట్టాడు. ఎదుట బల్ల మీద గ్లాసులు. ఆవు, కొట్టం, పాలు పితకడం. విద్యార్థులు ఏం చేశారో ఊహించండి. ఆవు మాట వచ్చినప్పుడల్లా 'అంబా' అని అరిచారట. మన తరగతి గదుల వెనక బెంచీలకు దీటైన ఘనత! ఆయన కాస్త నత్తిగా మాట్లాడే మనిషి, కోపం తెచ్చుకునే స్వభావం కాదు. ఉపన్యాసం చివరిదాకా చెప్పి ముగించాడు. ఎగతాళి చేసిన ఆ హాలులో ఒక్కరికైనా, ఆ గ్లాసుల్లో ఉన్నది తమ రోగుల ప్రాణమని తోచిందో లేదో. ఆ నెలాఖరులోనే ఆయన అదే ఆసుపత్రిలో విరిగిన మోకాలి చిప్పను చర్మం కోసి తెరిచి వెండి తీగతో కుట్టాడు. మూసి ఉన్న గాయాన్ని కావాలని తెరవడం ఆ కాలంలో నేరం లాంటిది. తెరిస్తే కుళ్ళుతుంది, కుళ్ళితే మనిషి పోతాడు. కుళ్ళలేదు. పాలగ్లాసు మూత తీసి మళ్ళీ శుభ్రంగా మూయడం వచ్చినవాడికే ఆ ధైర్యం వస్తుందని నా నమ్మకం. డిసెంబరులో పాల పత్రాన్ని లండన్ పెథలాజికల్ సొసైటీ ముందు చదివాడు.

సర్జన్లు మెల్లగా మారారు. పాలవాళ్ళు ఇంకా త్వరగా మారారు, ఎందుకంటే అక్కడ డబ్బు ఉంది. 1890లో డెన్మార్క్‌లో స్టార్క్, జర్మనీలో వైగ్‌మన్ శుద్ధంగా పెంచిన తోడును వెన్న తయారీలో వాడడం మొదలుపెట్టారు. 1919లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్లా యెన్సెన్ ఈ జాతులన్నిటినీ వర్గీకరించి పెద్ద గ్రంథం రాశాడు. బాక్టీరియం లాక్టిస్ పేరు స్ట్రెప్టోకాకస్ లాక్టిస్ అయింది, 1985లో లాక్టోకాకస్ లాక్టిస్ అయింది. ఇన్ని పేర్లు మారినా లిస్టర్ పేరు దానికి రాలేదు. ఆయన పేరు వచ్చింది లిస్టీరియాకు, పాలు, జున్నుల ద్వారా వచ్చి ప్రాణాలు తీసే ఒక చెడ్డ బ్యాక్టీరియాకు. నోరు పుక్కిలించే లిస్టరిన్ కూడా ఆయన పేరుతోనే వచ్చింది. పేర్లు పెట్టేవాళ్ళకు న్యాయంతో పని లేదు.

శుద్ధమైన తోడుతో పాటు కొత్త తలనొప్పి వచ్చింది. ఒకే వంగడం పొలమంతా వేస్తే ఒకే తెగులుకు పంటంతా పోయినట్టు, ఒకే జీవితో చేసిన తోడు ఒక్కోరోజు హఠాత్తుగా చచ్చిపోయేది. న్యూజిలాండ్ జున్ను ఫ్యాక్టరీల్లో దీన్ని పట్టుకుని, బ్యాక్టీరియాను తినే వైరస్‌లే కారణమని 1935లో వైట్‌హెడ్, కాక్స్ చూపించారు. ఆ వైరస్‌ల నుంచి తోడు ఎలా కాపాడుకుంటుందన్న వెతుకులాట ఆగలేదు. 2007లో డానిస్కో కంపెనీలో బరాంగూ, హోర్వాత్ బృందం, పెరుగు చేసే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ తన మీద దాడి చేసిన వైరస్ జన్యువులోంచి ముక్క కత్తిరించి తన జన్యువులో దాచుకుంటుందని, దాని వల్లే మళ్ళీ వచ్చిన వైరస్‌ను గుర్తుపడుతుందని ప్రయోగంతో నిరూపించింది. క్రిస్పర్ అంటే ఇదే. దాన్ని జన్యువులను కత్తిరించే పనిముట్టుగా మలిచిన షార్పెంటియే, డౌడ్నాలకు 2020లో నోబెల్ వచ్చింది. డెయిరీ వాళ్ళకు ఎప్పటిలాగే రాలేదు.

ఇక నా అనుభవం ఒకటి. నేను పనిచేసిన ఒక డెయిరీలో, పేరు అనవసరం, వేసవిలో వరసగా మూడు రోజులు పెరుగు ట్యాంకు తోడుకోలేదు. వేలాది లీటర్లు. తోడు కలిపే పని రోజుకూలీ మీద ఉన్న ఒకావిడది. సూపర్‌వైజరు, పైన ఇంకొకరు కలిసి ఆమె చెయ్యి అని తేల్చేశారు. శుభ్రత లేదన్నారు పైకి. లోపల అన్న మాటలు ఈ సంచికలో రాయదగినవి కావు. ఆమె ఇద్దరు పిల్లల తల్లి. మర్నాటి నుంచి రావద్దని చెప్పే ఏర్పాట్లు జరుగుతున్నాయి. నేను ఒక్కరోజు ఆగమన్నాను. ఆమె కలిపిన తోడునే తీసుకుని, పరీక్షనాళికల్లో రెండు రకాల పాలలో వేశాను: ఒకటి ఆ రోజు ట్యాంకులోని పాలు, ఒకటి మా ఇంటి పక్కన గేదె పాలు. గేదె పాలు నాలుగు గంటల్లో గడ్డకట్టాయి. ట్యాంకు పాలు కదల్లేదు. తోడులో లోపం లేదు, చేతిలో అసలే లేదు; పాలలో ఏదో ఉంది. ఆ రాత్రి ఒక్కో రూటు పాలకు ఒక్కో నాళిక పెట్టాం. పదకొండు రూట్లలో పది తోడుకున్నాయి. పదకొండో రూటు ఊళ్ళలో పొదుగువాపు వచ్చింది. పశువులకు పెన్సిలిన్ జాతి మందు ఎక్కించి, ఆగాల్సిన రోజులు ఆగకుండా పాలు పోశారు. పెన్సిలిన్ రోగపు బ్యాక్టీరియాను చంపినట్టే తోడు బ్యాక్టీరియానూ చంపుతుంది; పాలు కాచినా దాని ప్రభావం పూర్తిగా పోదు. ఆ రూటును నాలుగు రోజులు వేరుపెట్టాం, ట్యాంకు తోడుకుంది. ఆవిడ ఆ తర్వాత చాలా ఏళ్ళు పనిచేసి, పర్మనెంటు అయి రిటైరయింది. ఆమెకు లిస్టర్ ఎవరో తెలియదు. సూపర్‌వైజరుకూ తెలియదు.

ఒక సందేహం కొందరికి వస్తుంది: మన ఇంటి పెరుగులో ఉన్నది లిస్టర్ పట్టుకున్న జీవేనా? ఉంటుంది, కానీ ఒంటరిగా కాదు. ఆయన లాక్టోకాకస్‌కు 30 డిగ్రీల దగ్గర హాయి. మన వేసవి వంటింట్లో, గోరువెచ్చని పాలలో 40 డిగ్రీలు ఇష్టపడే థర్మోఫిలస్, లాక్టోబాసిలస్ ముందుకొస్తాయి. అందుకే వేసవి పెరుగు మధ్యాహ్నానికే పుల్లబడుతుంది, చలికాలంలో గిన్నెకు గుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెట్టాల్సి వస్తుంది. హస్తవాసి ఉన్న ఇల్లాలు నిజానికి చేస్తున్నది వేలితో వేడి చూసుకోవడం, తోడు పాళ్ళు తెలిసి వేయడం, రోజూ అదే గిన్నెలోంచి తాజా తోడు తీసిపెట్టుకోవడం. అది నైపుణ్యం. గౌరవించాల్సిందే.

1892 డిసెంబరు 27న సోర్బాన్‌లో పాశ్చర్ డెబ్భయ్యో పుట్టినరోజు ఉత్సవం జరిగింది. దాన్ని కూడా జూబిలీ అనే పిలిచారు. లిస్టర్ వెళ్ళి వైద్యలోకం తరఫున మాట్లాడాడు. పక్షవాతంతో ఉన్న పాశ్చర్ లేచి ఆయన్ను కౌగిలించుకున్నాడు. మరుసటి ఏడాది ఆగ్నెస్ ఇటలీలో చనిపోయింది. ఆ తర్వాత ఆయన ప్రయోగాలు దాదాపు ఆగిపోయాయి. 1912 ఫిబ్రవరి 10న లిస్టర్ కన్నుమూశాడు.

మన బడి సైన్సు మాస్టార్లకు ఒక విన్నపం. ఈ ప్రయోగం తొమ్మిదో తరగతి పిల్లలు చేయగలరు. ఇరవై పరీక్షనాళికల్లో పాలు పోసి, దూది బిరడాలు పెట్టి, ప్రెషర్ కుక్కరులో పదిహేను నిమిషాలు ఉంచాలి. ఎక్కువసేపు ఉంచితే పాలు గోధుమరంగు తిరుగుతాయి. వేరే నాళికల్లో తొమ్మిదేసి మిల్లీలీటర్ల నీళ్ళు అలాగే కాచి చల్లార్చాలి. మొదటిదాంట్లో ఒక మిల్లీలీటరు పెరుగు వేసి బాగా కుదపాలి, గొలుసులు విడిపోయేలా. అందులోంచి ఒక మిల్లీలీటరు రెండోదాంట్లోకి, దాంట్లోంచి మూడోదాంట్లోకి, ప్రతిసారీ కొత్త పిపెట్టుతో. మంచి పెరుగులో మిల్లీలీటరుకు పది కోట్ల నుంచి వంద కోట్ల దాకా జీవులు ఉంటాయి కాబట్టి ఎనిమిదో నాళికకో తొమ్మిదో నాళికకో వచ్చేసరికి ఒకటీ అరా మిగులుతాయి. ఆ రెంటిలోంచి పదేసి పాల నాళికల్లో సమానంగా పంచి వేసి, 37 డిగ్రీల దగ్గర రెండు రోజులు వదిలేయండి. దేన్నీ రుచి చూడనివ్వకండి. మూడో రోజు పొద్దున నాళికలు వంచి చూసి, పదింటిలో ఎన్ని తోడుకున్నాయో, ఎన్ని తోడుకోలేదో నల్లబల్ల మీద రాయించండి. సిరంజీలు, పిపెట్లు కావాలంటే మా బ్యాచి తరఫున నేను పంపిస్తాను.